చలి ముదిరితే చెరకు తీపెక్కేది

నాది ఏడాదికి ఆరు నెలల ఉద్యోగం. నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా ఉండేది. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో సీజనల్ కెమిస్టును. చెరకు ఆడినన్నాళ్లే మాకు పని. మిల్లు ఆగిందంటే రిటైనింగ్ అలవెన్స్ అని జీతంలో కొంత భాగం చేతిలో పెట్టి ఇంటికి పంపేవారు. పెళ్లిచూపులప్పుడు మా మామగారు "మరి కడమ ఆరు నెలలు?" అని అడిగారు. మా బాపు తడుముకోకుండా "కడమ ఆరు నెలలు అల్లుడు మీ కండ్ల ముందటే ఉంటడు" అన్నాడు. ఆ మాటకి సంబంధం ఎలా కుదిరిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఈ లెక్కన నేను సైకిలు మీద ఉద్యోగానికి పోయిన రోజులన్నీ దాదాపు చలికాలపు రోజులే. వానలో సైకిలు తొక్కిన కథలు ఎవరైనా చెబితే విని ఊరుకుంటాను. చలి గురించి అడిగితే మాత్రం నన్ను ఆపడం కష్టం.

ఎనభైల నడుమ నుంచి తొంభైల నడుమ దాకా అనుకోండి. మా ఊరు ఎడపల్లి దగ్గర, రోడ్డు దిగి కొంచెం లోపలికి. ఇంటి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా పది కిలోమీటర్లకు కాస్త తక్కువ. నిజామాబాద్ నుంచి బోధన్‌కి బస్సులు బాగానే తిరిగేవి కానీ, మా షిఫ్టు మారే వేళలకీ వాటికీ పొత్తు కుదరలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ల్యాబ్‌లో ఉండాలంటే మూడు దాటగానే ఇంట్లోంచి కదలాలి. ఆ వేళ మా ఊరి కుక్కలకు కూడా నన్ను చూసి అరిచే ఓపిక ఉండేది కాదు.

సైకిలు బాపుది. 24 అంగుళాల ఫ్రేము ఉన్న హెర్క్యులస్, నాకు ఒక సైజు పెద్దది. సీటు మీద కూర్చుంటే కాలి వేళ్ల చివర్లే పైడిల్‌కి ఆనేవి. రాడ్ బ్రేకులు, తోలు సీటు, వెనక బండెడు బరువు మోసే క్యారియర్. రాత్రి మంచుకు ఆ తోలు సీటు తడిసి ఉండేది. దాన్ని తుడిచి కూర్చున్నా తడి ప్యాంటులోకి దిగేది, ఊరు దాటేదాకా ఆ ఒక్క చోట చలి వేరేగా తెలిసేది. తరువాత మా అవ్వ యూరియా సంచీ ముక్క కోసి సీటుకు తొడుగు కుట్టింది. దాంతో తడి బాధ పోయింది, జారుడు బాధ మొదలైంది.

ఇంకా తయారీ చాలా ఉండేది. బనీను, దాని మీద చొక్కా, చొక్కాకూ స్వెట్టరుకూ నడుమ పాత పేపరు. దినపత్రిక నాలుగు మడతలు పెట్టి ఛాతీ మీద పరుచుకుంటే ఎంత గాలి అయినా లోపలికి రాదు. ఊలు స్వెట్టరు ఇంట్లో కూర్చుంటే వెచ్చగానే ఉంటుంది. సైకిలు ఎక్కామంటే గాలి దాని కన్నాల్లోంచి దూసుకుపోతుంది, కాగితమే దాన్ని ఆపుతుంది. ఈ కిటుకు ఫ్యాక్టరీకి సైకిలు మీద వచ్చేవాళ్లందరికీ తెలుసు. షిఫ్టు మారేటప్పుడు సైకిల్ స్టాండులో పది మంది ఒకేసారి స్వెట్టర్లలోంచి పేపర్లు తీసేవాళ్లు. వాటిని పారేసేవాళ్లం కాదు, డ్యూటీ మధ్యలో చదువుకునేవాళ్లం. వారం కిందటి వార్తలే, అయినా చదివేవాళ్లం. చేతులకు గ్లోవ్స్ కొనే అలవాటు ఎవరికీ లేదు. పాత సాక్సులు వేసుకునేవాళ్లం. తలకు మంకీ క్యాప్, దాని మీద తువాల. ఆ వేషంలో ఒకసారి మా మేనత్త ఇంటి ముందు నుంచి పోతుంటే ఆమె దొంగ అనుకుని కేకేసింది.

చలి అందరికీ ఒకటే అనుకుంటాం గానీ, సైకిలు మీద పోయేవాడికి పది కిలోమీటర్లలో నాలుగు రకాల చలి తగులుతుంది. చల్లగాలి బరువు, పల్లంలోకి దిగి కూర్చుంటుంది. మా ఊరు కాస్త గడ్డ మీద ఉండేది, అక్కడ ఉన్నంతసేపు ఫర్వాలేదనిపించేది. రోడ్డు కాలువ వంతెన వైపు దిగిందంటే మోకాళ్ల దగ్గర మొదలై మెడ దాకా ఒక్కసారి పట్టుకునేది. వంతెన ఎక్కి అవతలి వైపు మళ్లీ మెరక మీదికి వస్తే తేలిగ్గా ఉండేది. చీకట్లో కళ్లు మూసుకుని తొక్కినా ఎక్కడున్నామో చలిని బట్టి చెప్పగలిగేవాణ్ని. ఇక్కడ కాలువంటే నిజాంసాగర్ నీళ్లు. మంజీర మీద ఆ డ్యాం 1931లో పూర్తయింది. ఆ నీళ్లు వచ్చాకే ఈ ప్రాంతంలో చెరకు, చెరకు వెనక 1937లో ఫ్యాక్టరీ వచ్చాయి. యాసంగికి నీళ్లు వదిలితే జనవరిలో కాలువ నిండుగా పారేది. నీళ్ల కన్నా పైనున్న గాలి చల్లన, అందుకని కాలువ మీద పొగ లేచేది. గాలి లేని రోజు ఆ పొగ గట్టు దాటి, దున్ని నీళ్లు పెట్టిన మళ్ల మీదుగా రోడ్డెక్కి కూర్చునేది. ముందు చక్రం కనపడదు. మడ్‌గార్డు మీద తెల్ల పెయింటు పట్టీ ఒకటే కనిపించేది.

అసలు భయం మంచు కాదు, బండ్లు. సీజన్‌లో ఆ రోడ్డు రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. చెరకు బండ్లు వరసగా పోతూ ఉండేవి. బండెనక బండి, ఎంత దూరమో తెలియదు. ముందు బండివాడు ఒక్కడు మెలకువగా ఉంటే చాలు, వెనకవాళ్లంతా చెరకు మీద గొంగడి కప్పుకుని పడుకునేవాళ్లు. ఎడ్లకు దారి తెలుసు. ఇరుసు కింద లాంతరు ఊగుతూ ఉంటే దాని వెలుగు రోడ్డు మీద పడేది గానీ, బండి వెనక రెండు మూడడుగులు బయటికి వచ్చిన చెరకు కొసల మీద పడేది కాదు. లాంతరు అక్కడెక్కడో ఉందనుకుని నింపాదిగా తొక్కితే ఆకులు ముందే మొహానికి తగిలేవి. చెరకు ఆకు అంచు కోసుకుపోతుందని ఆ పొలాల్లో తిరిగినవాళ్లకు తెలుసు. చలికి తిమ్మిరెక్కిన చెంప మీద కోసుకుంటే అప్పుడు నొప్పి తెలియదు. ల్యాబ్‌కి పోయి మొహం కడుక్కున్నప్పుడు మంట పుట్టేది.

నా సైకిలుకి డైనమో ఉండేది. అదొక వింత యంత్రం. టైరును రాసుకుంటూ తిరిగితేనే వెలుగు. గట్టిగా తొక్కితే బాగా వెలుగుతుంది, నెమ్మదిస్తే మసకబారుతుంది, ఆగితే ఆరిపోతుంది. ముందు బండి ఉందేమో అని అనుమానం వచ్చి నెమ్మదించామా, వెలుగు ఎక్కువ కావాల్సిన ఆ సమయంలోనే అది తగ్గిపోయేది. దాన్ని తయారు చేసినవాడు ఎప్పుడూ చెరకు బండి వెనక తొక్కి ఉండడని నా నమ్మకం. పైగా మంచుకు టైరు తడిస్తే డైనమో చక్రం జారి దీపం మిణుకుమిణుకుమనేది. కొందరు డైనమో పీకేసి మూడు సెల్లుల టార్చిని హ్యాండిల్‌కు తాడుతో కట్టుకునేవాళ్లు. సెల్లుల ఖర్చు భరించలేక నేను డైనమోతోనే సర్దుకున్నాను.

నాకు నిజమైన దీపం మా ఫిట్టర్ కాక. ఆయనది పక్క ఊరు, చెరకు ఆడే మిల్ హౌస్‌లో పర్మినెంటు ఫిట్టరు. ఎడపల్లి మలుపు దగ్గర నా కోసం ఆగేవాడు. ఒకరికొకరం కనపడకపోయినా ఆయన సైకిలు గంట రెండుసార్లు కొడితే నేను ఒకసారి కొట్టేవాణ్ని. అక్కడి నుంచి ఆయన ముందు, నేను వెనక. బీడీ నోట్లో పెట్టుకుని తొక్కేవాడు. దమ్ము లాగినప్పుడు ఎర్రగా ఒక చుక్క కనిపించేది. ఆ చుక్క కుడికి జరిగితే నేనూ కుడికి, ఎడమకు జరిగితే ఎడమకు. నేను బీడీ మానేయమని ఎవరికైనా చెప్పాను గానీ ఆయనకు మాత్రం చెప్పలేదు.

దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేవాడు. నాకు మొదట్లో విసుగొచ్చేది. ఒకరోజు "కాకా, గీ సలిల నోట్లకు గాలి పోతలేదా?" అంటే, "నేను నీతోని మాట్లాడుతున్న అనుకుంటున్నవా కొడుకా? బండ్లోళ్లకు ఇనపడాలె గద" అన్నాడు. నిజమే, ఆయన గొంతు వినగానే ముందున్న బండి మీది గొంగట్లోంచి "ఎవలది?" అనే కేక వచ్చేది. ఆ కేకను బట్టి బండి ఎంత దూరంలో ఉందో తెలిసేది. మంచులో పోయేటప్పుడు ఆయన నియమాలు ఆయనకు ఉండేవి. హఠాత్తుగా బ్రేకు వేయొద్దు, వెనకవాడు వచ్చి మీద పడతాడు. బండిని దాటేటప్పుడు ఎడ్ల మొహాల దగ్గర గంట కొట్టొద్దు, బెదురుతాయి. దిగి నడవాలంటే రోడ్డు అంచుకు పోయి దిగాలి. ముక్కుతో గాలి పీల్చు, నోటితో పీలిస్తే ఛాతీ పడతది. ఈ చివరిది నోరు మూయకుండా చెప్పేవాడు.

సగం దారి దాటాక వాసన మొదలయ్యేది. మరిగే చెరకు రసం, దానికి పెట్టే గంధకం పొగ, చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ మడ్డి పులుపు, మూడూ కలిసిన వాసన. ఎండాకాలం ఆ వాసన పైకి తేలిపోయేది. చలికాలం తెల్లవారుజామున మాత్రం నేలను అంటిపెట్టుకుని, పొగమంచుతో పాటు రోడ్డు మీదే ఉండేది. చిమ్నీ కనపడకపోయినా ఫ్యాక్టరీకి ఇంకెంత దూరమో ముక్కు చెప్పేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు అది వచ్చిందంటే ఒళ్లు సగం వెచ్చబడేది.

గేటుకు ముందు కేన్ యార్డు. ఆ యార్డును చలికాలం రాత్రి చూడనివాళ్లకు ఎలా చెప్పాలో తెలియదు. వందల బండ్లు కాటా కోసం వరసలో ఉండేవి. ఎడ్లను విప్పి, వీపుల మీద గోనె పట్టాలు కప్పి, ముందు చెరకు మొవ్వులు వేసేవాళ్లు. అవి నములుతుంటే యార్డంతా ఒకే చప్పుడు. మధ్య మధ్య చెరకు చెత్తతో మంటలు. ఒక్కో మంట చుట్టూ ఒక్కో ఊరు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి అటు నుంచి వచ్చిన చెరకు కోత టోలీల వాళ్లు కూడా ఉండేవాళ్లు. ఒక మంట దగ్గర తెలుగు, పక్క మంట దగ్గర మరాఠీ, చాయ్ అమ్మే పోరగాడితో అందరూ ఉర్దూ. మమ్మల్ని చూసి "రా సారూ, కాసేపు కాగిపో" అని జరిగేవాళ్లు. ఆ మంట చాలా వేగంగా లేచి అంతే వేగంగా పడిపోతుంది. ముందు వైపు మొహం మాడుతుంది, వెనక వీపు గడ్డకడుతుంది. తిరిగి నిలబడి వీపు కాచుకుని గేటు లోపలికి పోయేవాళ్లం.

సైకిలు మీద నన్ను వణికించిన చలే, లోపల నాకు అంకెలై కనిపించేది.

ల్యాబ్‌లో అడుగు పెట్టగానే నా మొదటి పని చేతులు స్వాధీనంలోకి తెచ్చుకోవడం. డ్రైయింగ్ ఓవెన్ మీద అరచేతులు పెట్టి నిలబడేవాణ్ని. తిమ్మిరి వదలకముందే, చక్కెర ఎంతుందో కొలిచే పోలారిమీటర్ గాజు గొట్టం పట్టుకుంటే జారిపోయే ప్రమాదం. కాసేపటికి మిల్ హౌస్ నుంచి రసం శాంపిళ్లు వచ్చేవి. బ్రిక్స్ హైడ్రోమీటర్ అనే తేలే గాజు గొట్టాన్ని అందులో ముంచి చూడాలి. రసంలో కరిగి ఉన్న పదార్థం ఎంతో అది చెబుతుంది. మా హైడ్రోమీటర్ గొట్టాలు 27.5 డిగ్రీల వేడికి లెక్క కట్టినవి. చలికాలం తెల్లవారుజామున వచ్చే రసం అంతకన్నా చాలా చల్లగా ఉండేది. చల్లటి రసం చిక్కన, గొట్టం కాస్త పైకి తేలి ఎక్కువ అంకె చూపిస్తుంది. అందుకని పట్టిక చూసి కొంత తీసేయాలి. తీసేసే అంకె ఎంత పెద్దదైతే బయట అంత చలి అన్నమాట. రాత్రి ఎంత చలి పడిందో రేడియో పొద్దున చెప్పేది, నాకు నాలుగున్నరకే ఆ పట్టిక చెప్పేది.

ఇంతా తీసేశాక కూడా చలి ముదిరిన రోజుల్లో చక్కెర శాతం పెరుగుతూ పోయేది. చెరకు సంగతే అంత. రాత్రిళ్లు వెచ్చగా ఉంటే పెరుగుతూ ఉంటుంది, చేసుకున్న చక్కెరను ఆ పెరగడానికే ఖర్చు పెట్టుకుంటుంది. రాత్రి చలి పడి, పగలు మబ్బు లేని ఎండ కాసిందంటే ఎదుగుదల ఆగుతుంది, ఆకు మాత్రం పగలంతా చక్కెర చేస్తూనే ఉంటుంది. ఖర్చు లేక అదంతా గడలో నిలవ పడుతుంది. నవంబరులో నూరు కిలోల చెరకుకు ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోల చక్కెరతో మొదలయ్యేది, చలి బాగా పడిన ఏడు జనవరి ఆఖరుకు పది దాటేది. రికవరీ అంటే ఇదే. దీన్ని గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి బాయిలర్ దగ్గర పనివాడి దాకా అందరూ అడిగి తెలుసుకునేవాళ్లు. యార్డులో మంట కాచుకునే రైతు కూడా "ఎంతొస్తుంది సారూ?" అనేవాడు.

అందుకే మాలాంటి వాళ్లకు చలితో చిత్రమైన సంబంధం. డిసెంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని రేడియోలో చెబితే ఆ రాత్రి ఆకాశం మూసుకునేది. మబ్బు దుప్పటిలా కప్పుకుంటే నేల వేడి పైకి పోదు. సైకిలు మీద హాయిగా ఉండేది. స్వెట్టరు విప్పి హ్యాండిల్‌కు వేసుకుని, సాక్సులు లేని చేతులతో తొక్కుతూ పోయేవాళ్లం. అలా హాయిగా పోయి ల్యాబ్‌లో చూస్తే అంకె ఎక్కడిదక్కడే ఉండేది, ఒక్కోసారి కిందికి దిగేది కూడా. పొద్దున రిపోర్టు చూసిన పెద్దల మొహాలు మాడేవి. మళ్లీ మబ్బు విడిచి, ఉత్తరపు గాలి మొదలై, వంతెన దగ్గర మోకాళ్లు కొట్టుకున్న రోజున కాక వెనక్కి తిరిగి "ఇగ ఎక్కుతది కొడుకా, ఇగ ఎక్కుతది" అని సంబరపడేవాడు. పళ్లు టకటకలాడుతూ సంబరపడే మనిషిని నేను ఆయన్ని ఒక్కణ్నే చూశాను.

బాపుకు ఈ లెక్కలన్నీ నాలుక మీద ఉండేవి. మాకూ కొంచెం చెరకు ఉండేది. కోత పర్మిట్ కోసం ఎదురుచూస్తూ పొద్దున్నే చేను దగ్గరికి పోయి ఒక గడ విరిచి, మొదలు దగ్గర ఒక గనుపు, కొస దగ్గర ఒక గనుపు నమిలి ఉమ్మేసేవాడు. మొదలు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. కొస కూడా తీపెక్కిందా లేదా అన్నదే పరీక్ష. "నీ గొట్టాలల్ల ఎంతొచ్చిందిరా?" అని అడిగి నేను చెప్పింది విని, "నేను నిన్ననే చెప్పిన గద" అనేవాడు. నిన్న చెప్పిన మాట నాకైతే గుర్తుండేది కాదు.

చలి చేసే మేలు ఇంకొకటి ఉంది. నరికిన చెరకు నిలవ ఉంటే అందులోని చక్కెర విరిగిపోతుంది, బరువూ తగ్గుతుంది. ఏప్రిల్ ఎండల్లో యార్డులో బండి ఎక్కువసేపు నిలబడితే రైతు గుండె దడదడలాడేది. జనవరిలో అంత టెన్షన్ ఉండేది కాదు. మంట కాచుకుంటూ నింపాదిగా మాట్లాడుకునేవాళ్లు. సీజన్ ఆఖర్లో అదే మనుషులు ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లు.

తిరుగు ప్రయాణం గురించి చెప్పాలంటే రాత్రి షిఫ్టు దిగి వచ్చే రోజులే. శాంపిళ్ల కోసం రసం ఉడికించి చక్కెర గింజ కట్టించే పాన్‌ల దగ్గరికి, ఆ గింజను మొలాసిస్ నుంచి వేరు చేసే సెంట్రిఫ్యూగల్స్ దగ్గరికి తిరగాలి. అక్కడ ఆవిరి, జిగట, ఉక్క. చొక్కా తడిసి వీపుకు అతుక్కునేది. అదే చొక్కాతో తెల్లవారుజామున బయటికి వస్తే ఒళ్లు ఝల్లుమనేది. పాతవాళ్లు వెంటనే సైకిలు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. స్టాండులో నిలబెట్టి చొక్కా మార్పించి, అల్లం వేసిన చాయ్ తాగించి పంపేవాళ్లు. ఆ చాయ్‌లో చక్కెరకు కొదవ ఉంటుందా! చెంచా నిలబడేంత తీపి. ఇప్పుడు డాక్టరు వద్దన్న చక్కెరంతా నేను అప్పుడే తాగేశాను.

సంక్రాంతికి ఫ్యాక్టరీ ఆగేది కాదు. పండగ రోజు రాత్రి షిఫ్టు పడితే ఇంట్లో సణుగుడు తప్పదు, కానీ తిరిగి వచ్చే దారి మాత్రం బాగుండేది. అయిదు కాకముందే ఊళ్లలో ఆడవాళ్లు లాంతర్లు పెట్టుకుని వాకిళ్లలో ముగ్గులు వేసేవాళ్లు. మిగతా రోజుల్లో చీకటిగా ఉండే దారి ఆ ఒక్క రోజు వెలుతురుగా ఉండేది. మా వాడకట్టులో ముగ్గులు వాకిలి దాటి దారి మీదికి వచ్చేవి. "దిగి నడువు బిడ్డా, ముగ్గు తొక్కితే ఊకోను" అని ముందే హెచ్చరికలు. సైకిలు భుజానికెత్తుకుని గోడ వెంబడి నడిచేవాణ్ని. ఆ బరువుతో ఆ చలిలో చెమట పట్టేది. ఇంటికి పోతే వేడి నీళ్లు, సకినాలు, నువ్వుల లడ్డూలు. లడ్డూ తింటూ తింటూ గోడకు ఆనుకుని నిద్రపోయేవాణ్నని మా ఆవిడ ఇప్పటికీ పిల్లలకు చెబుతుంది.

సైకిలుకి కూడా చలి ఉంటుందని నాకు చెప్పింది బోధన్‌లో సైకిల్ షాపు చాచా. హబ్బులో గ్రీసు చలికి గట్టిపడి చక్రం బరువుగా తిరుగుతుందట. నవంబరు రాగానే పాత గ్రీసు కడిగేసి పలచటిది పెట్టేవాడు. చైనుకు మాత్రం గ్రీసు ముట్టనిచ్చేవాడు కాదు, మెషిన్ నూనె చుక్కలే. గ్రీసుకు దుమ్ము పడితే చైను రంపం అవుతుందని ఆయన మాట. బాయిలర్లో కాలిన చెరకు పిప్పి బూడిద రోడ్డు మీద నల్లగా రాలే చోట తిరిగే సైకిళ్లు కాబట్టి ఆయన మాటలో నిజం ఉంది. పొద్దునే టైర్లు నొక్కి చూసి "హవా కమ్ హై బేటా" అనేవాడు. రాత్రి చలికి గాలి ముడుచుకుంటుంది, పొద్దున టైరు మెత్తబడి ఉంటుంది. పంక్చర్ అనుకుని గాభరా పడి వచ్చినవాళ్లకు గాలి కొట్టి, డబ్బులు తీసుకోకుండా పంపేవాడు. పదిమందిలో తొమ్మిదిమంది అలాంటివాళ్లే. ఆయన ఎలా బతికాడో మరి.

తరువాతి కథ చాలామందికి తెలిసిందే. నాకు తొంభైల్లో వేరే జిల్లాలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఏడాది పొడుగునా జీతం వచ్చే ఉద్యోగం దొరికింది, వెళ్లిపోయాను. 2002లో ఫ్యాక్టరీలో ప్రైవేటు భాగస్వామ్యం వచ్చింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మేం గొప్పగా చెప్పుకున్న ఫ్యాక్టరీ అది. ఆ చుట్టుపక్కల చెరకు వేసిన చేలల్లో ఇప్పుడు ఎక్కువగా వరి, సోయా, పసుపు కనిపిస్తాయి. మళ్లీ తెరిపిస్తారన్న మాట ఎన్నికల ముందు వినిపిస్తూనే ఉంది. సైకిలు బాపు పోయాక చాలా ఏళ్లు కొట్టంలో ఉంది. మా తమ్ముడు పాలు పోసే అబ్బాయికి ఇచ్చేశాడు, నేను వద్దనలేదు.

ఫిట్టర్ కాకకు ఎనభై దాటాయి. ప్రతి డిసెంబరులో నాకు ఫోన్ చేస్తాడు. కుశల ప్రశ్నలు ఏమీ ఉండవు, చెవులు వినపడవు కాబట్టి నేను అడిగినా లాభం లేదు. "ఈడ సలి మస్తుంది, ఆడెట్లుంది?" అనేదే మొదటి మాట. హైదరాబాద్‌లో అంత లేదంటే జాలి పడతాడు. ఆ తరువాత ఏ ఏడు రికవరీ ఎక్కువ వచ్చిందనే పంచాయితీ మొదలవుతుంది. నేను ల్యాబ్‌లో అంకెలు రాసినవాణ్ని కాబట్టి నా మాటే నిజమంటాను. ఆయన ఒప్పుకోడు. మొన్న కూడా అదే గొడవ. నేను ఒక ఏడు చెప్పాను, ఆయన దానికి ముందటేడు అన్నాడు. రిజిస్టరులో నా చేతి రాతే ఉంది కాకా అంటే, "నువ్వు రాసిందేందిరా, ఆ ఏడు వంతెన కాడ నా బీడీ అంటుకోక ఆరు అగ్గిపుల్లలు గీకిన. గంత సలి మళ్ల ఎన్నడు పడ్డదో చెప్పు" అని ఫోన్ పెట్టేశాడు.